ఆరు రోజుల కాయితం

దేవదానం పంతులుకు ఒక పిచ్చి ఉండేది. ఎవరి పిచ్చి వాళ్ళకానందం అని ఊరుకోవచ్చు గాని, ఈయన తన పిచ్చిని తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా అంటించాడు. హన్మకొండలో అదొక మిషను హైస్కూలు. పేరెందుకు లెండి, ఇప్పుడది లేదు. అక్కడ ఆయన పద్నాలుగేళ్ళుగా చరిత్ర చెప్తున్నాడు, పద్నాలుగేళ్ళుగా పాఠ్యపుస్తకాన్ని బల్ల కింద పెట్టించి చెప్తున్నాడు.

"పుస్తకం రాసినాయన రోము పట్నంల ఉన్నడా? లేడు. ఉన్నోళ్ళు ఏం రాసుకున్నరో గది చదువుదాం" అనేవాడు. మిగతా బళ్ళలో పిల్లలు రోము రాజుల పేర్లు దండకంలా వల్లిస్తుంటే, ఈయన పిల్లలు సిపాయి ఒకడు తల్లికి రాసిన ఉత్తరం, చంటిబిడ్డ సమాధి మీద చెక్కించిన రెండు ముక్కలు, పారిపోయిన బానిస మెడకు బిగించిన ఇనుప పట్టీ మీది రాత చదివేవారు. ముసలి పాదిరి ఒకాయన ఇంగ్లండు వెళ్ళిపోతూ వదిలేసిన పుస్తకాల పెట్టెలోంచి వీటిని ఏరి, తెలుగు చేసి, జెల్లీ పళ్ళెం మీద వత్తి ఊదారంగు కాపీలు తీసేవాడు.

అందులో ఆయన పాటించే పద్ధతులు రెండు. ఒకటి, కాయితం మీద ఊరి పేరు, మనిషి పేరు, సంవత్సరం ఉంచేవాడు కాడు. అవన్నీ పిల్లలే లోపలి మాటలు పట్టుకుని ఆరా తీయాలి. రెండు, పదవులన్నీ మన పేర్లలోకి మార్చేవాడు. చక్రవర్తి అంటే పిల్లలకు నాటకంలో అట్టకిరీటం గుర్తొస్తుంది, బాద్షా అంటే మనల్ని ఏలే హుజూరు వారు గుర్తొచ్చి కడుపులో కాస్త భయం పుడుతుంది, ఆ భయం లేనిదే కాయితం అర్థం కాదు అని ఆయన వాదన. చదివాక నాలుగు ప్రశ్నలు వేసేవాడు. ఎవరు రాసిండ్రు? ఎవరికి రాసిండ్రు? ఎందుకు రాసిండ్రు? ఏం రాయకుండ ఇడిచిపెట్టిండ్రు?

ఇక ఉన్నదానికి ఇసుమంత కలిపినా ఊరుకునేవాడు కాడు. ఎవడైనా "ప్రజలు మిక్కిలి సుఖముగా ఉండిరి" అని రాశాడా, "ఏ కాయితంల ఉన్నదిరా? చూపియ్" అని చెవి పట్టుకునేవాడు. ఇంటికొచ్చిన చుట్టాల ముందు కూరలో ఉప్పు తక్కువైందని కూడా ఇదే పట్టుదలతో చెప్తాడని భార్య ఎస్తేరమ్మ ఫిర్యాదు.

యుద్ధం రోజులు. కాయితం కరువు. హెడ్మాస్టరు సాల్మన్ గారు దస్తా కాయితాలు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసేవారు. ఎవరికైనా ఇవ్వవలసి వస్తే ఒక్కొక్క దాని మీద బడి గుండ్రటి ముద్ర కొట్టి, లెక్కపెట్టి ఇచ్చి, పని కాగానే లెక్కపెట్టి తీసుకునేవారు. వెనక పేజీ ఇంకో పరీక్షకు పనికొస్తుంది కదా! దేవదానం తరగతిలో ముప్ఫై రెండు మంది. ముప్ఫై రెండు కాయితాలు, ముప్ఫై రెండు ముద్రలు.

వెయ్యిన్ని తొమ్మిదివందల నలభై అయిదు, జూను నెల. మృగశిర కార్తె నాలుగు చినుకులు రాల్చింది. ఆ శుక్రవారం దేవదానం పంచిన కాయితంలో ఇలా ఉంది:

"బాద్షా వారి సముఖానికి. మేము తమ భూముల్లో పుట్టి పెరిగిన రైతులము. మాతో పని చేయించుకొనుటకు ఏడాదికి ఆరు రోజులని పెద్దలు కట్టడి చేసి ఉన్నారు. రెండు రోజులు దుక్కి, రెండు రోజులు కలుపు, రెండు రోజులు కోత. గుత్తేదారు ఈ కట్టడిని మీరినాడు. తహసీలు అధికారి అతని కానుకలు తినుటచేత మా మొర వినడు. అడిగితే సిపాయిలను పంపి కొట్టించినాడు. చేతికష్టం తప్ప మాకు ఏమీ లేదు. దయచూడవలెను."

కింద బాద్షా జవాబు: "ఆరు రోజులకు మించి ఎవరును పని చేయించుకొనరాదు."

సోమవారానికి నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకురమ్మన్నాడు. హాస్టలు పిల్లల్లో సారంగపాణి అని ఒకడుండేవాడు. పదహారేళ్ళవాడు, మాట తక్కువ, రాత ముత్యాలు. వాళ్ళ ఊరు రఘునాథపల్లి స్టేషనులో దిగి రెండు కోసులు నడవాలి. శనివారం రైలెక్కి ఇంటికి పోతూ కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఊరి సంగతి కొంచెం చెప్పాలి. ఊరికొక దొర. వాన పడితే ఊళ్ళో ఉన్న నాగళ్ళన్నీ ముందు దొర చెలకలో, అంటే మెట్టచేలో, దిగాలి. అది వెట్టి. కూలి లేదు, గింజ లేదు. దొర భూమి దున్నడం పూర్తయ్యాకే ఎవడి చెలక వాడిది. అప్పటికి పదును ఆరిపోయేది. సారంగపాణి తండ్రి మొండయ్య నాలుగెకరాల చెలక ఏ ఏడూ పదునులో దున్నింది లేదు. పదునులో పడని విత్తు పండితే పండె, లేకుంటే లేదు.

శనివారం సాయంత్రం మొండయ్య వాకిట్లో నాగటికి కర్రు బిగిస్తున్నాడు. తెల్లవారితే వెట్టికి మొదటిరోజు. కొడుకు అరుగు మీద కూచుని కాయితం పైకి చదివాడు. మొండయ్య చేతిలో సుత్తి ఆగిపోయింది.

"మల్ల సదువు బిడ్డా."

మళ్ళీ చదివాడు. మూడోసారికి తల్లి రాజక్క పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. నాలుగోసారికి పక్కింటి పోశయ్య వచ్చాడు, ఆ తర్వాత వాకిలి నిండింది.

"నాయినా, గిది ఎవరు రాసిండ్రంటవ్? సారు అడిగిండు" అన్నాడు సారంగపాణి, వాడి గొడవ వాడిది.

"ఎవలు రాస్తరు? మనసోంటోళ్ళు రాసిండ్రు. ఏ పక్కూరోళ్ళో, జనగామ దిక్కోళ్ళో అయితరు. బాద్షా జవాబు గూడ ఇచ్చె. ఇగో, మొహరు గూడ కొట్టిండు." మొండయ్య ఆ గుండ్రటి ముద్రను వేలితో తాకి చూశాడు. "గీ కాయితం నా తాన ఉండనియ్."

సారంగపాణి నోట్బుక్కులో కాపీ రాసుకుని అసలుది తండ్రికిచ్చాడు. మొదటి ప్రశ్నకు జవాబుగా తండ్రి చెప్పిందే రాశాడు. సోమవారం దేవదానం ఆ జవాబు చదివి నవ్వుకుని, ఎర్రసిరాతో కొట్టేసి పదికి రెండు వేశాడు. తర్వాత బోర్డు ముందు నిలబడి గుట్టు విప్పాడు: ఇది రోము చక్రవర్తికి ఆఫ్రికా రైతులు పెట్టుకున్న అర్జీ, పదిహేడువందల ఏళ్ళ పైమాట, ఆ చక్రవర్తి ఏమంత పుణ్యాత్ముడు కాదు గాని ఈ ఒక్క జవాబు మాత్రం ఇచ్చాడు, రైతులు దాన్ని రాతి మీద చెక్కించుకున్నారు, ఆ రాయి దొరికింది. పిల్లలు అబ్బురపడ్డారు.  సారంగపాణి మాత్రం కాయితం తండ్రి దగ్గరే ఉందన్న సంగతి భయంతో దాచాడు.

ఊళ్ళో అప్పటికే నాగళ్ళు ఆదివారం దున్నాయి, సోమవారం దున్నాయి. మంగళవారం దొర చెలకలోకి ఒక్క నాగలి దిగలేదు. ఊరు ఊరంతా ఎవడి చెలక వాడు దున్నుకుంటున్నాడు. దొర పంపిన సుంకరి వచ్చి అరిస్తే మొండయ్య తలపాగలోంచి కాయితం తీసి చూపించాడు. "రెండు దినాల దుక్కి అయిపాయె. బాద్షా హుకుం. ఇగ కలుపుకు పిలువుండ్రి, వస్తం."

అంతే! పుట్టలో వేలు పెట్టినట్టయింది. దొర గుమస్తా సాంబయ్య గురువారం హన్మకొండ వచ్చి హెడ్మాస్టరు గదిలో బల్ల గుద్దాడు. హుజూరు వారి పేరుతో దొంగ ఫర్మానాలు మీ బడిలో తయారవుతున్నాయి, మీ ముద్ర ఉంది, ఇది దొరలకు ఎదురు తిరిగే సంగపోళ్ళ పని, జైలుకు పోతారు అన్నాడు. వచ్చే మంగళవారం తహసీల్దారు ఊరికి విచారణకు వస్తున్నాడు, రాసినవాణ్ణి పంపండి అని చెప్పి పోయాడు.

సాల్మన్ గారు కాయితాలు లెక్కపెట్టారు. ముప్ఫై ఒకటి. సారంగపాణిని పిలిచారు. వాడు ఏడుస్తూ అంతా చెప్పాడు. వాణ్ణి పంపేసి తలుపు వేశారు.

"దేవదానం గారూ, మీరు ఒక్క మాట అనుండ్రి. పిలగాడు కాయితం దొంగిలించిండు, సొంతంగ రాసిండు అని. పేరు కొట్టేస్తం. వాడు ఎట్లనన్న నాగలి పట్టేటోడే. మీకు పెండ్లాం పిల్లలున్నరు, క్వార్టరు ఉన్నది."

"రాత నాదండి."

"రాత మీది, ముద్ర నాది! గందుకే చెప్తాన్న."

దేవదానం నవ్వలేదు. కాయితం మీద రాత ఎవరిదో అడిగితే వేరేవాడి పేరు ఎలా చెప్పాలో ఆయనకు నిజంగానే తెలియదు. ఇంటికి వెళ్ళి ఎస్తేరమ్మకు చెప్పాడు. ఆమె బియ్యం చెరుగుతూ విన్నది. "నౌకరి పోతదా?" అంది. పోవచ్చు అన్నాడు. "నాకు జర భయమైతాంది" అంది. నాకూ అవుతోంది అన్నాడు. ఆ మాట కూడా ఉన్నదున్నట్టే చెప్పాడు.

శనివారం ఒంటిపూట బడి. దేవదానానికి ఒక చిక్కు పట్టుకుంది. రోము కాయితంలో ఆరు రోజులుంది. సరే. మన సర్కారు కాయితంలో ఎన్ని రోజులుంది? ఈ ప్రశ్న ఇన్నేళ్ళలో ఒక్కసారి తట్టలేదే అని తల గోక్కున్నాడు. బడికి సర్కారు గెజెటు, అంటే జరీదా, నెలనెలా వచ్చేది. తెప్పించుకోవాలని రూలు. చదవాలని రూలు లేదు. ఆయన తరగతి గదిలోనే, ఆయన కుర్చీ వెనకే ఉన్న బీరువాలో కట్టలు కట్టలుగా పడి ఉండేవి. చప్రాసి గట్టయ్య మసిగుడ్డ తెచ్చాడు. ఇద్దరూ తుమ్ముకుంటూ కట్టలు విప్పారు. దేవదానానికి ఉర్దూ బాగానే వచ్చు. ఆదివారం గుడికి కూడా పోకుండా చదివాడు. పొద్దుగూకే వేళకు ఒక హుకుం దొరికింది. ఆ తర్వాతి జరీదాలన్నీ తిరగేశాడు, రద్దయినట్టు ఎక్కడా లేదు. నకలు రాయబోయి ఆగాడు. నకలు చూపిస్తే ఎవరు నమ్ముతారు? ఆ పేజీ చించి జేబులో పెట్టుకున్నాడు.

మంగళవారం రఘునాథపల్లిలో దిగి నడిచాడు. దారికి రెండు వైపులా దున్నిన చెలకలు, తడి మట్టి వాసన. సగం చెలకలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఊరి మొదట్లో రాజక్క నిలబడి ఉంది.

"సారూ, నువ్వేనా మా సారంగం వాళ్ళ సారువు?" అంది. ఔనన్నాడు. "గా కాయితం బాద్షాది కాదని మా పోరడు కబురు పంపిండు. నేను ఎవ్వరికీ చెప్పలే, మొగనికి గూడ చెప్పలే. నీ కాళ్ళు మొక్కుత సారూ, ఒక్క మాట ఔనని చెప్పు. ఇంకో నాలుగు దినాలు ఆగితే ఊరందరి దుక్కి అయిపోతది. ఇత్తనం పడుతది. ఎనక ఏమన్న కానీ."

 దేవదానానికి జేబులో ఇంకో కాయితం ఉందని చెప్పాలనిపించింది. కాని తహసీల్దారు దాన్ని ఒప్పుకుంటాడో, చించి పారేస్తాడో! తెలియని దానికి మాట ఇవ్వడం ఆయనకు చేత కాదు.

"లేనిది ఉన్నదని చెప్పలేనమ్మా" అన్నాడు.

రాజక్క ఆయన ముఖంలోకి చూసింది. "సదువుకున్నోనివి గదా" అంది. అంతకంటే తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

చావడి ముందు ఊరంతా నేల మీద కూచుంది. తహసీల్దారుకు కుర్చీ, గుమస్తా సాంబయ్యకు బల్లపీట. దొర రాలేదు. దొర కుర్చీ వచ్చింది, మధ్యలో ఖాళీగా ఉంది, దానికే అందరూ దండం పెట్టి కూచున్నారు. మొండయ్య లేచి కాయితం రెండు చేతులా పట్టుకొచ్చి ఇచ్చాడు.

"రాసింది మీరేనా మాస్టర్ సాబ్?"

"నేనే. పిలగాని తప్పేం లేదు."

"వీళ్ళు హుజూరు వారి ఫర్మానా అంటాన్రు. ఔనా, కాదా?"

రాజక్క ఆడవాళ్ళ మధ్య నిలబడి చూస్తోంది. దేవదానం ఆమె వైపు చూడకుండా, "కాదు" అన్నాడు. తర్వాత రోము సంగతి, ఆఫ్రికా సంగతి, రాతి సంగతి తరగతిలో చెప్పినట్టే చెప్పాడు. సాంబయ్యకు నవ్వు ఆగలేదు. "సచ్చి పదిహేడువందల ఏండ్లయిన బాద్షాకు దండం పెట్టి దొర దుక్కి ఆపిండ్రా! వారెవ్వా!" తహసీల్దారు కూడా నవ్వాడు. మొండయ్య తల వంచుకున్నాడు. ఊరంతా తల వంచుకుంది.

"ఇంకో కాయితం ఉన్నది" అన్నాడు దేవదానం.

జరీదా పేజీ తీసి ఇచ్చాడు. తహసీల్దారు మొదటి పంక్తి పైకి చదివాడు. రెండోది మెల్లగా చదివాడు. మూడోది కళ్ళతోనే చదువుకున్నాడు. నవ్వు పోయింది.

"ఏమున్నది సాబ్?" అన్నాడు సాంబయ్య.

"పాత జరీదా."

"రద్దు కాలేదు. ఎనక వచ్చినయన్ని చూసిన" అన్నాడు దేవదానం.

"ఉర్దూల ఉన్నది. వీళ్ళకేం సమజైతది, ఇడువుండ్రి" అన్నాడు తహసీల్దారు పేజీ మడుస్తూ.

"నేను చెప్తా" అని దేవదానం ఊరి వైపు తిరిగాడు. ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట మింగకుండా చెప్పాడు. కూలి ఇవ్వకుండా బలవంతాన ఎవరితోనూ పని చేయించుకోకూడదని హుజూరు వారి హుకుం.

 మొండయ్య ముందుకొచ్చి అడిగాడు. "దుక్కికి ఎన్ని దినాలని ఉన్నది సారూ?"

"ఒక్క దినం గూడ లేదు."

"మేం ఆరు దినాలు చేస్తమంటిమి గదా?"

"ఆరు లేదు. ఒకటి లేదు. ఏం లేదు."

సంతోషపడతారనుకున్నాడు దేవదానం. ఎవరూ సంతోషపడలేదు. మొండయ్య వేళ్ళు మడిచి ఏదో కూడుకుంటున్నాడు.

"ఎన్నటిది గిది?"

"ఇరవై ఏండ్ల పైమాట."

"మా నాయిన దొర చెలకల నాగటెనక పడి సచ్చి పదహారేండ్లు. అప్పటికి ఉన్నదా?"

"ఉన్నది."

"ఏడ ఉన్నది సారూ?"

దేవదానానికి అబద్ధం రాదు. ఆరోజు వస్తే బాగుండుననిపించింది.

"మా బడి బీరువల" అన్నాడు. "నేను కూసునే కుర్చీ ఎనక."

తహసీల్దారు సర్కారుకు రాస్తానని చెప్పి లేచాడు. రాశాడో లేదో మనకు తెలియదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు ఇరవై ఏళ్ళు గడిచిన కాయితం, ఇంకో ఇరవై వారాలు గడిస్తే ఎవరికి నొప్పి? ఆ తర్వాత జరిగిందింతే. ఆ ఊళ్ళో మిగిలిన దుక్కి మూడు రోజుల్లో ముగించి విత్తనం వేసుకున్నారు. దొర మనుషులు ముగ్గుర్ని కొట్టారు, అందులో మొండయ్య ఒకడు. అయినా ఆ వానాకాలం ఎవరూ వెట్టి నాగలి కట్టలేదు. దేవదానం నౌకరి ఆగస్టులో పోయింది. దొంగ ఫర్మానా రాసినందుకు కాదు, అది రుజువు కాలేదు. బడి రికార్డులోంచి పేజీ చించినందుకు, లెక్కలో ఒక కాయితం తక్కువైనందుకు. సారంగపాణి పేరు మాత్రం కొట్టేయలేదు.

ఆ తక్కువైన కాయితం సంగతి చెప్పి ముగిస్తాను. ఆరోజు జనం లేచిపోయాక, తహసీల్దారు రోము కాయితాన్ని బల్ల మీదే వదిలేసి వెళ్ళాడు. మొండయ్య వచ్చి దాన్ని తీసుకుని, దుమ్ము దులిపి, మడతలు చూసి మడిచాడు.

"మొండయ్యా, గది ఇటియ్యి" అన్నాడు దేవదానం. "ముప్ఫై రెండు అప్పజెప్పాలె. గది ఫర్మానా కాదని విన్నవు గదా. కావాల్నంటే జరీదాది తెలుగుల రాసిస్త."

"రాసియ్యి సారూ, అది గూడ ఉండనియ్. కాని గిది ఇయ్యను." మొండయ్య తలపాగ విప్పి కాయితాన్ని లోపల పెట్టుకున్నాడు. "సర్కారు కాయితం ఇరవై ఏండ్లు మీ బీరువల పండె. గిది వచ్చిన ఎనిమిది దినాలల్ల నా చెలక దున్నుకున్న. ఎవలు రాసిండ్రని మా పోరన్ని అడిగినవట గదా? నేను అప్పుడే చెప్పిన, మాసోంటోళ్ళని. రాజక్క ఇప్పుడే చెప్పింది, తప్పని కొట్టేసినవట."

 మొండయ్య తలపాగ చుట్టుకుని, చావడి పక్కన కట్టేసిన ఎద్దుల్ని విప్పి అదిలించుకుంటూ చెలక వైపు నడిచాడు. దేవదానం రైలుకు ఇంకా రెండు గంటలుంది.